నిర్గమ 24: రక్తం సగం బలిపీఠం మీద, సగం జనం మీద. ఎందుకలా?

విక్టర్_పాల్వంచ | శుక్రవారం, ఉదయం 6:40
అందరికీ వందనాలు. మా సంఘంలో యూత్ వాళ్లకి బైబిల్ స్టడీ నేనే చెప్తున్నాను. ఈ వారం నిర్గమకాండం 24వ అధ్యాయం. ఎర్రసముద్రం సంగతి చిన్నపిల్లలకీ తెలుసు, పది ఆజ్ఞలు సగంమందికి నోటికి వచ్చు. ఈ అధ్యాయాన్ని మాత్రం అందరూ చదివేసి పోతారు, ఆగరు. ఇంటర్ చదివే కుర్రాడొకడు ఆగాడు.

చదవనివాళ్ల కోసం సంగతి చెప్తాను. దేవుడు చెప్పిన మాటలన్నీ మోషే జనానికి వినిపిస్తాడు, వాళ్లు ఒక్క గొంతుతో సరే అంటారు. అవన్నీ రాసిపెడతాడు. తెల్లారుజామునే లేచి సీనాయి కొండ కింద బలిపీఠం కట్టి, పన్నెండు గోత్రాలకు పన్నెండు రాతిస్తంభాలు నిలబెడతాడు. యువకులు ఎడ్లను బలి ఇస్తారు. రక్తంలో సగం పళ్లేల్లో పట్టి ఉంచుతాడు, సగం బలిపీఠం మీద చల్లుతాడు. తర్వాత రాసినదంతా చదువుతాడు. జనం మళ్లీ ఒప్పుకుంటారు. అప్పుడు పళ్లేల్లో ఉన్నది జనం మీద చల్లి, ఇది నిబంధన రక్తం, అంటే దేవుడితో చేసుకున్న ఒప్పందపు రక్తం అంటాడు.

కుర్రాడు అడిగినది: ఆరు లక్షలమంది మగవాళ్లు, ఆ పైన ఆడవాళ్లు, పిల్లలు. కొన్ని ఎడ్ల రక్తం, అందులోనూ సగం, అందరికీ ఎలా అందింది? అసలు సగం సగం ఎందుకు? ఒప్పందం అన్నాక సంతకమో ముద్రో ఉండాలి కదా, అదెక్కడ?

ఆదివారం మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పాలి. పెద్దలు సాయం చేయండి.

సుబ్బు_సందేహం | ఉదయం 7:15
కుర్రాడు బాగున్నాడు. వాణ్ణి ఈ ఫోరంలో చేర్పించండి.

పాస్టర్_తాతయ్య | ఉదయం 8:02
విక్టర్ బాబూ, వందనాలు. లెక్క సంగతి ముందు చూద్దాం. ప్రతి మనిషి ఒంటి మీదా చుక్క పడిందని వాక్యం చెప్పలేదు. జనం మీద చల్లాడు అంది, అంతే. యూదుల వ్యాఖ్యానాల్లో పాత కాలం నుంచీ ఒక మాట ఉంది, గోత్రాల పెద్దల మీద చల్లితే అందరి మీదా చల్లినట్టే అని. ఈ కాలం పండితులు కొందరు ఇంకో దారి చెప్తారు. పన్నెండు స్తంభాలు నిలబెట్టింది ఊరికే కాదు, అవి పన్నెండు గోత్రాల బదులు నిలబడ్డాయి, రక్తం వాటి మీద పడితే గోత్రం మీద పడినట్టే అని. నాకు రెండోది నచ్చుతుంది. లేకపోతే ఆ స్తంభాలకి ఆ కథలో పనే లేదు.

సగం సగం అన్నదే అసలు ప్రశ్న. బలిపీఠం దేవుడి పక్షం. ఒకే పశువు రక్తం రెండు పక్షాలకూ అంటింది. ఇక్కడ ఒక సంగతి చూడండి. ధర్మశాస్త్రంలో మనుషుల మీద రక్తం పడే చోట్లు చాలా తక్కువ. అహరోనునూ అతని కొడుకులనూ యాజకులుగా ప్రతిష్ఠించినప్పుడు కుడిచెవి కొనకు, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి పెట్టారు, బట్టల మీద చల్లారు (నిర్గమ 29, లేవీ 8). కుష్ఠు నయమైనవాణ్ణి పాళెంలోకి తిరిగి చేర్చుకునేటప్పుడు చేశారు (లేవీ 14). ఇంకోటి ఇదిగో ఈ 24వ అధ్యాయం. మొత్తం జనం మీద పడింది ఈ ఒక్కసారే. ఐదు అధ్యాయాల ముందు, 19లో, మీరు నాకు యాజకుల రాజ్యం అవుతారు అని దేవుడు అన్నాడు కదా. ఆ మాట ఇక్కడ అమలైంది. కుర్రాడికి ఇది చెప్పు.

శాసనాల_శ్రీను | ఉదయం 9:30
తాతయ్య గారు చెప్పినది బాగుంది కానీ అది సగమే అనిపిస్తుంది. ఆ రోజుల్లో పశువుని కోసి ఒప్పందం చేసుకోవడం ఇశ్రాయేలు ఒక్కరి పద్ధతి కాదు. ఆ ప్రాంతమంతా ఉంది. అక్కడ దాని అర్థం యాజకత్వం కాదు, శాపం.

సిరియాలో అలెప్పో దగ్గర సెఫీరేలో దొరికిన అరామిక్ శాసనాలు క్రీ.పూ. 8వ శతాబ్దానివి. అర్పాదు రాజు మతీఎల్ చేసుకున్న ఒప్పందం. మాట తప్పితే ఈ దూడని నరికినట్టు మతీఎల్‌నీ అతని పెద్దలనీ నరకాలి అని రాశారు. మైనం బొమ్మ కాలినట్టు కాలిపోవాలి అని కూడా ఉంది. అదే మతీఎల్ అష్షూరు (అస్సీరియా) రాజు అష్షూర్ నిరారితో ఇంకో ఒప్పందం చేసుకున్నాడు. అందులో గొర్రెపిల్లని తెచ్చి, ఈ తల గొర్రె తల కాదు, మతీఎల్ తల అన్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, క్రీ.పూ. 18వ శతాబ్దంలో యూఫ్రటీస్ ఒడ్డున మారి రాజ్యం ఉత్తరాల్లో గాడిదపిల్లని చంపి సంధి చేయించిన సంగతి ఉంది. మేకపిల్లా కుక్కపిల్లా తెస్తే మారి రాజు దూత ఒప్పుకోలేదట, గాడిదపిల్లే కావాలన్నాడు.

కాబట్టి ఎద్దు రక్తం జనం మీద పడిందంటే, తప్పితే మా గతి ఇదే అని ఒప్పుకోవడం.

పాస్టర్_తాతయ్య | ఉదయం 9:48
అలాగైతే బలిపీఠం మీద పడిన సగం సంగతేంటి శ్రీనూ? దేవుడు కూడా తప్పితే నా గతి ఇదే అన్నాడా?

శాసనాల_శ్రీను | ఉదయం 9:55
ఆదికాండం 15లో అన్నాడు కదండీ!

అనంతశర్మ | ఉదయం 10:20
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది వేరే సంప్రదాయం, కానీ ఈ ఫోరంలో బైబిల్ చర్చలు చదువుతుంటాను. ఆదికాండం 15లో అబ్రాహాము పెయ్యనీ, మేకనీ, పొట్టేలునీ రెండుగా చీల్చి ఎదురెదురుగా పెడతాడు, చీకటి పడ్డాక పొగలేచే పొయ్యీ మండే దివిటీ ఆ ముక్కల మధ్య నుంచి వెళ్తాయి. అదేనా మీరన్నది? చదివినప్పుడు నాకు వాల్మీకి రామాయణం కిష్కింధకాండ గుర్తొచ్చింది. హనుమంతుడు కట్టెలు రాపాడించి అగ్ని రాజేస్తాడు, రాముడూ సుగ్రీవుడూ దాని చుట్టూ ప్రదక్షిణ చేసి మైత్రి చేసుకుంటారు. రెండు చోట్లా అగ్నిసాక్షి ఉందన్నమాట.

శాసనాల_శ్రీను | ఉదయం 10:41
శర్మ గారూ, బాగా పట్టారు. కానీ తేడా ఒకటుంది. కిష్కింధలో అగ్ని సాక్షి, నడిచేది ఇద్దరు స్నేహితులు. ఆదికాండంలో నడిచేది నిప్పే. అది సాక్షి కాదు, దేవుడి పక్షం. అబ్రాహాము గాఢనిద్రలో ఉన్నాడు, ముక్కల మధ్య అతను నడవలేదు. అంటే ఆ ప్రమాణం ఒకవైపే. సీనాయి దగ్గరికి వచ్చేసరికి రెండువైపులా అయింది, సరే చేస్తాం అని జనం కూడా నోరు తెరిచి చెప్పారు. తాతయ్య గారి ప్రశ్నకి నా జవాబు ఇదే.

ముక్కల మధ్య నడిచి మాట తప్పితే ఏమవుతుందో యిర్మీయా 34లో ఉంది. బబులోను సైన్యం యెరూషలేముని ముట్టడించినప్పుడు సిద్కియా రాజు, పెద్దలు కలిసి హెబ్రీ బానిసలందరినీ విడిచిపెడతామని దేవాలయంలో ఒప్పందం చేసి, దూడని రెండుగా కోసి మధ్యలోంచి నడిచారు. ఇంతలో ఐగుప్తు (ఈజిప్టు) సైన్యం వస్తుందని తెలిసి బబులోనువాళ్లు కాస్త వెనక్కి తగ్గారు. వెంటనే వీళ్లు బానిసలని మళ్లీ లాక్కొచ్చారు. యిర్మీయా ఊరుకుంటాడా? దూడ ముక్కల మధ్య నడిచినవాళ్లని ఆ దూడలాగే చేస్తానని దేవుడంటున్నాడు అని ముఖం మీదే చెప్పేశాడు. ముట్టడి మళ్లీ వచ్చింది, క్రీ.పూ. 586లో పట్నం కాలిపోయింది.

సుబ్బు_సందేహం | ఉదయం 11:05
ఇవన్నీ బాగానే ఉన్నాయి. మరి మోషే కాలంలో ఇది నిజంగా జరిగిందని ఎవరు చెప్పారు? జర్మనీలో వెల్‌హౌజెన్ 19వ శతాబ్దంలోనే అన్నాడు, దేవుడితో ఒప్పందం అనే ఆలోచన ప్రవక్తల కాలం తర్వాతదని. ఈ కథలన్నీ రాజుల కాలం చివర్లో రాసి వెనక్కి అతికించినవని చదివాను.

శాసనాల_శ్రీను | ఉదయం 11:50
ఆ వాదన ఉంది, ఇప్పటికీ కొట్లాట తేలలేదు. దానికి ఎదురు వాదన కూడా వినండి.

1954లో జార్జ్ మెండెన్‌హాల్ అనే అమెరికన్ పండితుడు హిత్తీయ రాజుల ఒప్పందాలని బైబిల్ నిబంధన పక్కన పెట్టి చూపించాడు. హిత్తీయుల రాజధాని హత్తూషా ఇప్పటి టర్కీలో ఉంది, అక్కడ వేల కొద్దీ మట్టి పలకలు దొరికాయి. పెద్దరాజు చిన్నరాజుతో చేసే ఒప్పందానికి ఒక వరస ఉంటుంది. ముందు నేనెవరో చెప్పడం, తర్వాత నీకు నేనేం చేశానో చెప్పడం, తర్వాత షరతులు, దాన్ని గుడిలో దాచి అప్పుడప్పుడూ చదవాలనడం, సాక్షులు, చివర శాపాలూ దీవెనలూ. పది ఆజ్ఞల మొదటి వాక్యం చూడండి. నేను నీ దేవుణ్ణి, నిన్ను ఐగుప్తు నుంచి బయటికి తెచ్చినవాణ్ణి. మొదటి రెండు మెట్లూ ఒక్క వాక్యంలో అయిపోయాయి. హిత్తీయ రాజ్యం క్రీ.పూ. 1200 ప్రాంతంలో కూలిపోయింది కాబట్టి ఈ పోలిక పాతకాలాన్నే చూపిస్తుందని ఆయన వర్గం అంటుంది.

సుబ్బు గారి వైపు కూడా సరుకుంది. ఏసర్‌హద్దోను అనే అష్షూరు రాజు క్రీ.పూ. 672లో, తన తర్వాత కొడుకు అష్షూర్‌బనిపాలుకి లోబడి ఉండాలని సామంతులందరి చేతా ప్రమాణం చేయించాడు. ఆ పలకలు 1955లో ఇరాక్‌లోని నిమ్రూదులో దొరికాయి. 2009లో టర్కీలోని తైనాత్ దిబ్బలో, గుడి లోపల, ఇంకో ప్రతి దొరికింది. అందులోని శాపాలూ ద్వితీయోపదేశకాండం 28లోని శాపాలూ పక్కపక్కన పెడితే ఆశ్చర్యపోతారు. ఆకాశం ఇత్తడి అవడం, నేల ఇనుము అవడం రెండిట్లోనూ ఉన్నాయి. కాబట్టి ద్వితీయోపదేశకాండం అష్షూరు కాలంలో ఈ రూపానికి వచ్చిందని చాలామంది అంటారు. నా మట్టుకు నాకు, నిర్గమ 24 దానికంటే పాతదిగానే కనిపిస్తుంది. రాయి నిలబెట్టడం, కుర్రాళ్లు బలి ఇవ్వడం, కొండ మీద భోజనం, ఇవేవీ తర్వాతి కాలం యాజకులు కొత్తగా కల్పించే సంగతులు కావు. ద్వితీయోపదేశకాండం 16 రాతిస్తంభాలు నిలబెట్టొద్దనే చెప్తుంది.

విక్టర్_పాల్వంచ | మధ్యాహ్నం 12:30
శ్రీను బ్రదర్, చాలా థ్యాంక్స్. రాయి నిలబెట్టడం అంటే మన ఊళ్ల పొలిమేర రాళ్లలాంటివా?

శాసనాల_శ్రీను | మధ్యాహ్నం 12:44
చాలా పెద్దవి. ఇశ్రాయేలులో గెజెరు దిబ్బ మీద పది రాళ్లు ఒకే వరసలో నిలబెట్టి ఉన్నాయి, కొన్ని మనిషి ఎత్తు దాటి మూడు మీటర్ల దాకా. పక్కన మధ్యలో గుంటలా తొలిచిన చదరపు రాయి ఒకటి. ఇశ్రాయేలీయులకంటే కొన్ని వందల ఏళ్ల ముందువి. ఊళ్లో, గోత్రాల మధ్యో జరిగిన ఒప్పందానికి గుర్తని కొందరి ఊహ. మోషే స్తంభాలు ఇలాగే ఉన్నాయని చెప్పలేం గానీ పిల్లలకి ఫోటో చూపించడానికి పనికొస్తుంది.

దమ్మాం_డేవిడ్ | మధ్యాహ్నం 1:10
సౌదీలో జబల్ అల్ లౌజ్ కొండ దగ్గర ఆ పన్నెండు స్తంభాలు, బలిపీఠం అన్నీ దొరికాయని యూట్యూబ్‌లో వీడియోలు ఉన్నాయి. నేను ఇక్కడే పని చేస్తున్నా. ఎవరైనా చూశారా?

అడ్మిన్ | మధ్యాహ్నం 1:18
డేవిడ్ గారూ, సీనాయి కొండ ఎక్కడ అనేదానికి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. క్లుప్తంగా: ఆ వీడియోల్లోని వాదనలని పురావస్తు శాఖలవాళ్లు ఎవరూ ఒప్పుకోలేదు. ఐగుప్తులో సెయింట్ కాథరిన్ మఠం ఉన్న జబల్ మూసా కూడా సంప్రదాయం వల్లే సీనాయి, తవ్వకాల వల్ల కాదు. ఇక్కడ నిబంధన సంగతే నడవనివ్వండి.

ఎస్తేర్_నెల్లూరు | మధ్యాహ్నం 2:35
పొద్దున్నుంచీ చదువుతున్నాను. ఆరు లక్షలమంది మగవాళ్లని లెక్కపెడుతున్నారు, పన్నెండు రాళ్లని లెక్కపెడుతున్నారు. ఆ కొండ కింద ఆడవాళ్లు ఉన్నారా లేదా? 19వ అధ్యాయంలో మూడో రోజుకి సిద్ధంగా ఉండండి, స్త్రీల దగ్గరికి పోవద్దు అని మోషే జనానికి చెప్తాడు. అంటే ఆ జనం ఎవరు? మాట్లాడుతున్నది మగవాళ్లతోనే కదా. మరి ఆ రక్తం మా మీద పడిందా లేదా?

పాస్టర్_తాతయ్య | మధ్యాహ్నం 3:20
అమ్మా ఎస్తేరూ, న్యాయమైన ప్రశ్న. నిర్గమకాండం ఆ విషయంలో మౌనంగా ఉంది. కానీ మోయాబు మైదానంలో నిబంధన మళ్లీ చేసినప్పుడు, ద్వితీయోపదేశకాండం 29లో, ఎవరెవరు నిలబడ్డారో మోషే పేరుపేరునా చెప్తాడు. పెద్దలు, అధికారులు, పిల్లలు, భార్యలు, పాళెంలోని పరదేశి, కట్టెలు కొట్టేవాడి దగ్గర్నుంచి నీళ్లు తోడేవాడి దాకా. అక్కడితో ఆగలేదు, ఈ రోజు ఇక్కడ లేనివాళ్లతో కూడా అంటాడు. ఇంకా పుట్టనివాళ్లు కూడా అందులో ఉన్నట్టే.

ఎస్తేర్_నెల్లూరు | మధ్యాహ్నం 3:31
అంటే నలభై ఏళ్లు పట్టింది మా పేరు రాయడానికి. సరే తాతయ్య గారూ, పిల్లలకి ఈ ముక్క నేను చెప్తాను. విక్టర్ తమ్ముడు మర్చిపోతాడు.

విక్టర్_పాల్వంచ | మధ్యాహ్నం 3:40
మర్చిపోనక్కా.

హైఫా_రమేష్ | సాయంత్రం 5:50
నేను ఇశ్రాయేలులో కేర్‌గివర్‌గా ఉంటున్నాను, మాది జగిత్యాల వైపు. నేను చూసుకునే తాత తొంభై దాటినవాడు, తాల్మూదు (యూదుల పాత ధర్మచర్చల గ్రంథం) చదువుతాడు. మీ చర్చ ఆయనకి హీబ్రూలో చెప్తే, సోఫాలోంచి లేచి కూర్చున్నాడు. ఆయన చెప్పింది రాస్తున్నా.

వాళ్లకి ఈ అధ్యాయంలో ముఖ్యం రక్తం కాదట, జనం చెప్పిన జవాబట. 24:7లో చేస్తాం, వింటాం అన్నారు. చేస్తామన్నది ముందు, వింటామన్నది తర్వాత. ఏం చెప్తాడో పూర్తిగా వినకముందే ఒప్పేసుకున్నారని వాళ్లకి గొప్ప. ఆ మాట అన్నందుకు ఆరు లక్షలమంది దేవదూతలు దిగి వచ్చి ఒక్కొక్కరి తలకి రెండేసి కిరీటాలు పెట్టారని, తర్వాత పూజకి బంగారు దూడ చేసుకున్నప్పుడు అవి ఊడదీశారని తాల్మూదులో ఉంది.

అదే పేజీలో దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఇంకో మాట. దేవుడు సీనాయి కొండని ఎత్తి వాళ్ల తలల మీద గంగాళంలా బోర్లించి, ఒప్పుకుంటే సరే, లేదంటే ఇక్కడే మీ సమాధి అన్నాడట. వెంటనే ఒక రబ్బీ (యూదుల మతగురువు) లేచి, బలవంతంగా రాయించుకున్న ఒప్పందం చెల్లదు కదా అని అడుగుతాడు. దానికి రావా అనే పండితుడు, నిజమే, కానీ ఎస్తేరు రాణి కాలంలో జనం మనసారా మళ్లీ ఒప్పుకున్నారు అంటాడు. తాత ఇది చెప్పి నవ్వుతున్నాడు. మా దేవుడితో కూడా లాయర్లలాగే మాట్లాడతాం అన్నాడు.

ఇక్కడ షావువోత్ పండుగ ధర్మశాస్త్రం ఇచ్చిన రోజని చేస్తారు. రాత్రంతా మేలుకుని చదువుతారు, చీజ్‌కేకులు తింటారు. తెల్లారేసరికి యెరూషలేములో పశ్చిమ గోడ దగ్గర నిలబడడానికి చోటుండదు.

సుబ్బు_సందేహం | సాయంత్రం 6:10
బలవంతపు ఒప్పందం చెల్లదు అన్న రబ్బీ నా మనిషి. తాతకి నా నమస్కారం చెప్పు రమేష్.

అనంతశర్మ | సాయంత్రం 6:25
వినకముందే ఒప్పుకున్నారు అంటున్నారు గానీ, మోషే చదివి వినిపించాకే కదా ఆ మాట అన్నది? ఇంతకీ ఆయన చదివిందేమిటి? పది ఆజ్ఞలేనా?

శాసనాల_శ్రీను | రాత్రి 8:15
శర్మ గారూ, ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని చూస్తున్నాను. మోషే చదివినది నిబంధన గ్రంథం అని వాక్యం. దాదాపు అందరూ 20వ అధ్యాయం చివరి నుంచి 23 దాకా ఉన్న చట్టాలే అది అంటారు. ఉరుములూ మెరుపుల కొండ కింద, రక్తం పళ్లేల్లో పెట్టుకుని, మోషే చదివింది దేని గురించో చూడండి. పొడిచే ఎద్దు గురించి. గొయ్యి తవ్వి మూయకుండా వదిలేస్తే, అందులో పడిన గాడిదకి ఎవరు డబ్బు కట్టాలి? నిప్పు ముళ్లపొదకి అంటుకుని పక్కవాడి పంటకుప్ప తగలబడితే నష్టం ఎవరిది? అప్పు ఇచ్చి బీదవాడి పైబట్ట తాకట్టు పట్టుకుంటే పొద్దుగూకేలోపు ఇచ్చెయ్యాలి, ఎందుకంటే రాత్రి అతను కప్పుకునేది అదొక్కటే. నీ శత్రువు గాడిద బరువుకింద కూలబడి ఉంటే చూసి వెళ్లిపోకు, చెయ్యి వెయ్యి.

ఒకరి ఎద్దు ఇంకొకరి ఎద్దుని పొడిచి చంపితే, బతికున్న ఎద్దుని అమ్మి ఆ సొమ్మూ చచ్చినదాన్నీ ఇద్దరూ సగం సగం పంచుకోవాలి (21:35). ఇదే తీర్పు, దాదాపు ఇవే మాటల్లో, మెసొపొటేమియాలో ఎష్నున్నా చట్టాల్లో ఉంది, మోషేకంటే కొన్ని వందల ఏళ్ల ముందు. కాబట్టి చట్టం కొత్తది కాదు. దాని కింద రక్తం చల్లి, ఇది దేవుడితో ఒప్పందం అనడం కొత్త. ఎష్నున్నాలో ఎద్దు కేసు మనుషుల మధ్య తగాదా. ఇక్కడ ఎద్దుని కట్టెయ్యకుండా వదిలితే దేవుడితో చేసిన మాటే తప్పినట్టు.

పాస్టర్_తాతయ్య | రాత్రి 8:40
బాగా చెప్పావు శ్రీనూ. నేను ఎన్నో ఏళ్లుగా ప్రసంగాల్లో రక్తం దగ్గరే ఆగిపోయే బోధకులని చూస్తున్నాను. పైబట్ట దాకా ఎవరూ రారు.

విక్టర్, ఇంకో సంగతి జాగ్రత్త. హెబ్రీ పత్రిక 9లో ఈ సన్నివేశమే ఉంది కానీ అందులో మేకలూ, నీళ్లూ, ఎర్ర ఉన్నీ, హిస్సోపు అనే మొక్క కొమ్మా చేరాయి, గ్రంథం మీద కూడా చల్లినట్టు ఉంది. నిర్గమ 24లో ఇవేవీ లేవు. హెబ్రీ పత్రిక రాసినాయన వేరే శుద్ధికర్మలనీ దీనితో కలిపి చెప్పాడు. పిల్లలు రెండూ చదివి అడుగుతారు, సిద్ధంగా ఉండు. బల్లారాధనలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) మనం చెప్పుకునే నిబంధన రక్తం అన్న మాట మార్కు 14లో యేసు ప్రభువు నోట వస్తుంది. ఆయన అన్నది ఈ 24:8 మాటే. అక్కడ చల్లింది ఇక్కడ తాగమన్నాడు, వినే యూదులు ఎంత ఉలిక్కిపడి ఉంటారో.

విక్టర్_పాల్వంచ | రాత్రి 9:05
తాతయ్య గారూ, అన్నీ రాసుకున్నాను. ముద్ర సంగతి ఒకటి మిగిలింది.

శాసనాల_శ్రీను | రాత్రి 10:30
ముద్రలు ఉండేవి, బ్రహ్మాండమైనవి. ఐగుప్తు రాజు రెండో రామ్సేసూ హిత్తీయ రాజు మూడో హత్తుషిలీ క్రీ.పూ. 1259 ప్రాంతంలో సంధి చేసుకున్నారు, వెండి పలక మీద. ఆ వెండి పోయింది గానీ కర్ణాక్ గుడి గోడ మీద దాని వివరం ఉంది. ఒకవైపు ముద్రలో దేవుడు రాజుని కౌగిలించుకుని ఉన్నాడు, రెండోవైపు రాణి పుదుహెపా ముద్ర. ఇందాక చెప్పిన ఏసర్‌హద్దోను పలకల మీద రాజు ముద్ర లేదు, అష్షూరు దేవుడివే మూడు ముద్రలు గుద్దారు. సంతకం దేవుడిదన్నమాట.

నిర్గమ 24లో ముద్ర లేదు. దాని చోట రక్తం ఉంది, తర్వాత భోజనం ఉంది. ఆ భోజనం ఎవరూ ఎత్తలేదేం? మోషే, అహరోను, నాదాబు, అబీహు, డెబ్బైమంది పెద్దలు కొండెక్కారు, ఇశ్రాయేలు దేవుణ్ణి చూశారు, ఆయన పాదాల కింద నీలంరాయి పరిచినట్టుంది, తిన్నారు, తాగారు. చంపలేదు వాళ్లని. దేవుణ్ణి చూసి ఎవరూ బతకరని 33వ అధ్యాయం చెప్తుంటే ఇక్కడ చూసి భోంచేశారు! గ్రీకులోకి మార్చినవాళ్లకే ఇబ్బందై, దేవుడు నిలబడిన చోటు చూశారు అని రాసుకున్నారు. ఒప్పందం అయ్యాక కలిసి తినడం మామూలే, యాకోబూ లాబానూ రాళ్లకుప్ప దగ్గర తిన్నారు. ఆ భోజనానికి వెళ్లిన నాదాబూ అబీహూ తర్వాత దేవుడు చెప్పని వేరే నిప్పు ఆయన ముందుకి తెచ్చి చచ్చిపోయారు (లేవీ 10).

నిజంగా ముద్ర వేసిన నిబంధన కావాలంటే నెహెమ్యా 10 చూడండి. బబులోను చెర నుంచి తిరిగి వచ్చినవాళ్లు రాతపూర్వకంగా చేసి ముద్రలు వేశారు, 84 పేర్లు వరసగా ఉన్నాయి, మొదటి పేరు అధికారి నెహెమ్యాది. ఆ కాలం ముద్ర అంటే పత్రాన్ని చుట్టి, దారం కట్టి, ముడి మీద మట్టి ముద్ద పెట్టి దాని మీద గుద్దేది. 1982లో యెరూషలేము దావీదు పురంలో అలాంటి మట్టి ముద్దలు 51 ఒకే ఇంట్లో దొరికాయి. బబులోనువాళ్లు ఇల్లు తగలబెట్టినప్పుడు పత్రాలు బూడిదయ్యాయి, మట్టి మాత్రం కాలి గట్టిపడి మిగిలింది. కొన్నింటి వెనక దారం అచ్చు ఇంకా ఉంది.

ఎస్తేర్_నెల్లూరు | రాత్రి 10:52
నెహెమ్యా 10లో 28వ వచనం చూడండి. ఆ 84 పేర్ల తర్వాత, వాళ్ల భార్యలు, కొడుకులు, కూతుళ్లు, గ్రహించగలిగిన ప్రతివాళ్లూ ఒట్టు పెట్టుకున్నారని ఉంది. ముద్ర మగవాళ్లది, ఒట్టు అందరిదీ.

సుబ్బు_సందేహం | రాత్రి 11:10
ముద్ర వేశాక మాట నిలబెట్టుకున్నారా?

శాసనాల_శ్రీను | రాత్రి 11:24
సీనాయిలో రక్తం ఆరకముందే అన్నట్టు అయింది. మోషే కొండ మీద నలభై రోజులున్నాడు, దిగేసరికి బంగారు దూడ. దేవుడిచ్చిన ఆజ్ఞల రాతిపలకలు విసిరి పగలగొట్టాడు, ఒప్పందం రద్దని చెప్పడమే అది. 34లో మళ్లీ రెండు పలకలు చెక్కాల్సి వచ్చింది.

నెహెమ్యా వాళ్లు ముద్ర వేసి ఒప్పుకున్నవి చాలా మామూలు పనులు. విశ్రాంతిదినాన సరుకు కొనం, ఏడో ఏట అప్పులు వదిలేస్తాం, ఏటా మనిషికి షెకెలులో మూడోవంతు గుడికి ఇస్తాం, కట్టెలు వంతులవారీగా తెస్తాం, లేవీయులకి పదోవంతు ఇస్తాం. నెహెమ్యా మధ్యలో పారసీక రాజు దగ్గరికి వెళ్లి తిరిగి వచ్చేసరికి, పదోవంతు దాచే గదిని నెహెమ్యా విరోధి టోబీయాకి ఇచ్చేశారు, లేవీయులు జీతం లేక పొలాలకి పోయారు, తూరువాళ్లు విశ్రాంతిదినాన యెరూషలేములో చేపలు అమ్ముతున్నారు. నెహెమ్యా టోబీయా సామానంతా బయటికి గిరాటేశాడు. తలుపులు మూయించాడు. కొందరి జుట్టు కూడా పీకాడు (13:25).

సుబ్బు_సందేహం | రాత్రి 11:31
జుట్టు పీకాడా? ఈ నెహెమ్యా పుస్తకం ఎన్ని అధ్యాయాలు?

ఎస్తేర్_నెల్లూరు | రాత్రి 11:33
పదమూడే. రేపు సాయంత్రానికి చదివేస్తారు.

పాస్టర్_తాతయ్య | శనివారం, ఉదయం 5:20
పొద్దున్నే లేచి చూస్తే ఇంత నడిచింది. విక్టర్, మా సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చిలో కొత్త సంవత్సరం మొదటి ఆదివారం నిబంధన ఆరాధన ఉంటుంది, జాన్ వెస్లీ 1755లో మొదలుపెట్టిన పద్ధతి. అందరూ నిలబడి దేవుడితో చేసిన ఒప్పందం మళ్లీ చదువుతాం. ద్వితీయోపదేశకాండం 31లో ఏడేళ్లకోసారి పర్ణశాలల పండుగప్పుడు జనమంతటికీ చదివి వినిపించమని ఉంది, హిత్తీయులదీ అదే పద్ధతని శ్రీను చెప్పాడు. మీ యూత్ వాళ్లచేత 21 నుంచి 23 అధ్యాయాలు గట్టిగా చదివించు, ఒక్కొక్కరికి ఒక్కో చట్టం. ఆ తర్వాతే 24 తియ్యి.

విక్టర్_పాల్వంచ | ఉదయం 6:05
అలాగే చేస్తాను తాతయ్య గారూ. ప్రశ్న అడిగిన కుర్రాడికి పొడిచే ఎద్దు ఇస్తున్నా. వాళ్లింట్లో ఒకటుంది.